స్వీడన్‌లో చదువు: డిగ్రీతో పాటు ఇంకేం మారుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా అక్టోబరు మధ్యలో స్వీడన్ మాస్టర్స్ దరఖాస్తులు తెరవగానే హైదరాబాద్, కాకినాడ, విజయవాడ, కరీంనగర్ నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. సగం విద్యార్థులు, సగం వాళ్ల అమ్మానాన్నలు. ఫీజెంత, ఏ కాగితాలు కావాలి అన్నవి ఏ కన్సల్టెన్సీ అయినా చెబుతుంది. వెళ్లిన పిల్లల జీవితం ఎలా మారుతుందో చెప్పేవాళ్లు తక్కువ. నేను స్వీడన్‌లోనే చదువుకుని ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. ఎక్కువ మంది అడిగిన ప్రశ్నలు, వాటికి నేనిచ్చే జవాబులు ఒక్కచోట పెడుతున్నాను.

అమెరికా, కెనడా ఉండగా స్వీడన్ ఏంటి? అక్కడ మనవాళ్లు ఉంటారా?

ఉంటారు, అదీ మీరు అనుకోని ఊళ్లలో. దక్షిణాన బాల్టిక్ సముద్రం ఒడ్డున కార్ల్స్‌క్రోనా అని చిన్న ఊరుంది. 1680లో నౌకాదళం కోసం దీవుల మీద కట్టారు. అక్కడి బ్లెకింగే సాంకేతిక విశ్వవిద్యాలయానికి, మన జేఎన్‌టీయూకి మధ్య ఉమ్మడి డిగ్రీ ఒప్పందం ఉండేది. దాని పుణ్యమా అని ఆ ఊళ్లో బస్సెక్కితే తెలుగు వినపడే రోజులు వచ్చాయి. స్టాక్‌హోమ్, గోథెన్‌బర్గ్, లుండ్, లింషోపింగ్‌లో కూడా మనవాళ్లు బాగానే ఉన్నారు. ఉగాది పచ్చడి, సంక్రాంతి ముగ్గుల పోటీ అన్నీ జరుగుతాయి.

నార్డిక్ (ఉత్తర యూరప్) దేశాల్లో చదువు ఫ్రీ అట కదా?

ఒకప్పుడు. యూరప్ బయటి నుంచి వచ్చే విద్యార్థులకు డెన్మార్క్ 2006లో, స్వీడన్ 2011లో, ఫిన్లాండ్ 2017లో, నార్వే 2023లో ఫీజులు పెట్టాయి. స్వీడన్‌లో ఫీజు మొదలైన ఏడాదే బయటి దేశాల విద్యార్థుల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. ఇప్పుడు ఇంజినీరింగ్ మాస్టర్స్‌కు ఏడాదికి లక్షన్నర క్రోనార్ (స్వీడన్ డబ్బు, ఒక్కటైతే క్రోనా) అటూ ఇటూ అవుతుంది. దరఖాస్తుకే 900 క్రోనార్ కట్టాలి. రూపాయల్లో క్రోనా విలువ ఊగుతూ ఉంటుంది, లెక్క వేసేటప్పుడు కాస్త ఎక్కువే పట్టుకోండి. ఫీజులో కొంత భాగమో, మొత్తమో మాఫీ చేసే స్కాలర్‌షిప్పులు చాలా యూనివర్సిటీల్లో ఉన్నాయి, వాటికి తప్పకుండా పెట్టండి.

పీహెచ్‌డీ సంగతి పూర్తిగా వేరు. ఫీజు ఉండదు, పైగా చాలావరకు ఉద్యోగంలాగే నెల జీతం ఇస్తారు. పరిశోధన మీద నిజంగా ఇష్టం ఉన్నవాళ్లకు ఇది గొప్ప దారి.

పార్ట్‌టైమ్ చేసుకుంటూ ఫీజు కట్టుకోవచ్చా?

వద్దు, ఆ లెక్కతో రావొద్దు. ఫిన్లాండ్‌లో విద్యార్థి సగటున వారానికి 30 గంటలే పనిచేయాలన్న పరిమితి ఉంది. స్వీడన్‌లో చాలా ఏళ్లపాటు అలాంటి గంటల లెక్క ఉండేది కాదు, ఇప్పటి నియమం మైగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి. గంటల లెక్క లేదన్న మాటనే కన్సల్టెన్సీలు పెద్దగా చెబుతూ వచ్చాయి. కానీ పని దొరకాలి కదా! చిన్న ఊళ్లో స్వీడిష్ రాకుండా దొరికేవి రెస్టారెంట్ వంటింటి పని, క్లీనింగ్, తెల్లవారుజామున పేపర్లు వేయడం, ఫుడ్ డెలివరీ. మొదటి సెమిస్టర్‌లో అదీ దొరక్కపోవచ్చు. దొరికినా నెల ఖర్చులో కొంత తీరుతుందే కానీ ఫీజు తీరదు.

పే స్లిప్ ఇవ్వకుండా, పన్ను కట్టకుండా చేతికి డబ్బులిస్తామనే వాళ్ల దగ్గర అసలు చేరకండి. రేపు వాళ్లు జీతం ఎగ్గొట్టినా అడగడానికి మీ చేతిలో రుజువు ఉండదు. మన పిల్లలు ఇందులోనే ఎక్కువగా నలిగిపోతారు. రాత్రంతా పని, పగలు క్లాసులో నిద్ర, క్రెడిట్లు రావు. తగినన్ని క్రెడిట్లు లేకపోతే రెసిడెన్స్ పర్మిట్ (దేశంలో ఉండే అనుమతి) పొడిగించరు. కనీసం మొదటి ఏడాది ఖర్చు చేతిలో ఉంచుకుని రండి.

అక్కడ చదువు తేలికా? వారానికి నాలుగైదు క్లాసులే అంటున్నారు.

క్లాసులు తక్కువే. రెండేళ్ల మాస్టర్స్‌కు 120 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కు 30. చాలా చోట్ల అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పెట్టరు. రెండు మూడు నెలల్లో ఒకటి రెండు కోర్సులు ముగించి, పరీక్ష రాసి, తర్వాతి వాటికి వెళ్తారు. టైమ్‌టేబుల్ ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీ అంతా మీరు చదువుకోవడానికి ఇచ్చిన సమయం.

మన కాలేజీల్లో హాజరు తగ్గితే ఇంటికి ఫోన్ వస్తుంది. ఇక్కడ లెక్చర్‌కు రాకపోయినా ఎవరూ అడగరు. మెటీరియల్ ఇవ్వరు, ‘ఇంపార్టెంట్ ప్రశ్నలు’ చెప్పరు. చదవాల్సిన వ్యాసాల జాబితా ఇస్తారు, అంతే. పరీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, అది మరిచిపోతే హాల్లో కూర్చోనివ్వకపోవచ్చు. పరీక్ష 4, 5 గంటలు ఉంటుంది. సాండ్‌విచ్, అరటిపండు, కాఫీ ఫ్లాస్కు బల్ల మీద పెట్టుకుని రాస్తారు. జవాబు పత్రం మీద చాలాచోట్ల పేరుకు బదులు కోడ్ ఉంటుంది. తప్పితే మళ్లీ రాసే అవకాశం ఉంటుంది, దాన్ని ఎవరూ చిన్నచూపు చూడరు.

‘సప్లీ’ అంటే తలవంపులనుకునే మన పిల్లలకు ఇది మొదట నమ్మబుద్ధి కాదు. పరీక్ష తప్పడం పాపం కాదని ఒంటికి పట్టాక కొందరు బద్ధకిస్తారు. ఎక్కువ మంది మాత్రం మొదటిసారి భయం లేకుండా చదువుతారు. స్వీడన్ మన పిల్లల్లో తెచ్చే అసలు మార్పు ఇక్కడ మొదలవుతుందని నా నమ్మకం. పక్కన నిలబడి తరిమేవాళ్లు లేనప్పుడు తన రోజును తనే నడుపుకోవడం ఇరవై రెండేళ్లు వచ్చినా మనలో చాలామందికి అలవాటు ఉండదు. తప్పు పిల్లలది కాదు, ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు, అంతే.

ప్రొఫెసర్‌ని పేరు పెట్టి పిలవాలట, నిజమేనా?

నిజమే. 1967లో బ్రూర్ రెక్సెద్ అనే పెద్ద అధికారి స్వీడన్ వైద్య ఆరోగ్య విభాగం బాధ్యత తీసుకుంటూ, సిబ్బంది అందరినీ ఇక ‘నువ్వు’ అనే పిలుస్తానని ప్రకటించాడు. ఆ కాలంలో దేశమంతటా బిరుదులు, పదవులు పెట్టి పిలుచుకోవడం పోయింది. ఇప్పుడు డెబ్బై ఏళ్ల ప్రొఫెసర్‌నైనా ఆన్నా అనో, లార్స్ అనో పిలుస్తారు.

మొదటి ఈమెయిల్‌లో ‘రెస్పెక్టెడ్ సర్’ అని రాస్తే ఎవరూ ఏమీ అనరు, కంగారు పడకండి. కానీ గౌరవం చూపే తీరు ఇక్కడ వేరు. సమయానికి రావడం, ఇచ్చింది చదివి రావడం, అర్థం కాకపోతే అడగడం, ఒప్పుకోకపోతే మర్యాదగా చెప్పడం. గురువు చెప్పింది తప్పనిపిస్తే క్లాసులోనే అనొచ్చు. ఆయన ఆగి ఆలోచించి, “నువ్వు చెప్పింది కరెక్టేనేమో, చూసి రేపు చెబుతా” అంటారు. ఆ మాట విన్న తెలుగు పిల్లాడి ముఖం నేను చాలాసార్లు చూశాను. ఆ తర్వాత వాడు నడిచే తీరే మారుతుంది.

ఫ్రెండ్ అసైన్‌మెంట్ చూసి మార్చి రాస్తే ఏమవుతుంది?

సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. వ్యవహారం క్రమశిక్షణ కమిటీకి వెళ్తుంది. హెచ్చరిక రావచ్చు, లేదా 6 నెలల వరకు సస్పెన్షన్ పడొచ్చు. ఆ 6 నెలలు క్రెడిట్లు ఉండవు, పర్మిట్‌కు ముప్పు. ఇచ్చిన స్నేహితుడికీ అదే గతి పట్టొచ్చు. మన దగ్గర రికార్డు ఇచ్చిపుచ్చుకోవడం స్నేహధర్మం. ఇక్కడ అది ఇద్దరినీ ముంచుతుంది. వచ్చిన మొదటి వారమే ఈ నియమాలు కూర్చుని చదవండి.

థీసిస్ అప్పుడు ఏదో వాదన పెడతారట?

అవును, నాకు ఇక్కడి చదువులో బాగా నచ్చింది అదే. థీసిస్ సాధారణంగా 30 క్రెడిట్లు, అంటే ఒక సెమిస్టర్ మొత్తం. పూర్తయ్యాక అందరి ముందు చెప్పాలి. ఇంకో విద్యార్థి మీ థీసిస్ మొత్తం ముందే చదువుకుని వచ్చి, అందులో లోపాలు ఎత్తిచూపుతాడు. డేటా ఇంతే ఎందుకు తీసుకున్నావు, ఈ పద్ధతే ఎందుకు, ఈ ముగింపుకు ఆధారమేది అని ఒక్కో పేజీ తిప్పుతూ అడుగుతాడు. మీరు జవాబు చెప్పాలి. మరో రోజు మీరు ఇంకొకరి థీసిస్‌ను అలాగే పరీక్షించాలి, దానికీ మిమ్మల్ని అంచనా వేస్తారు. అది ముగిశాక అడిగినవాడు, జవాబు చెప్పినవాడు కలిసి కాఫీకి వెళ్తారు.

పనిని తప్పుపడితే మనిషిని తప్పుపట్టినట్టు కాదన్న సంగతి పుస్తకం చదివితే అబ్బదు, ఇలా ఎదురుగా కూర్చున్నప్పుడే అబ్బుతుంది. ఇంజినీరింగ్ వాళ్లలో చాలామంది థీసిస్ ఎరిక్సన్, వోల్వో, స్కానియా, ఏబీబీ లాంటి కంపెనీల్లో చేస్తారు. ఉద్యోగాలకు దారి ఎక్కువగా అక్కడి నుంచే పడుతుంది కాబట్టి, మూడో సెమిస్టర్ మొదట్లోనే వెతకడం మొదలుపెట్టండి.

హాస్టల్ ఉంటుందా? మా వాడికి టీ పెట్టడం కూడా రాదు.

మెస్ ఉండే హాస్టల్ ఉండదు. విద్యార్థుల ఇళ్లలో ఎక్కువగా ఉండేవి కారిడార్ గదులు. గది మీది, వంటగది పదీ పన్నెండు మందిది. ఫ్రిజ్‌లో ఒక అర మీది, బీరువాలో ఒక తలుపు మీది. గోడ మీద శుభ్రం చేసే వంతుల పట్టిక ఉంటుంది. ఈ వారం మీ పేరుంటే పొయ్యి తుడవడం, చెత్త వేరుచేసి పారేయడం, నేల తడిగుడ్డ పెట్టడం మీ పని. అమ్మాయా అబ్బాయా అన్న తేడా లేదు. పోపు వేస్తే పొగకు ఫైర్ అలారం మోగుతుంది, ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి.

ఇక బట్టలు ఉతికే గది. అపార్ట్‌మెంట్ కింద ఉంటుంది, ముందే సమయం బుక్ చేసుకోవాలి. మీ గంటలు ఎనిమిదికి అయిపోతే, ఎనిమిదికల్లా బట్టలు తీసేసి, డ్రైయర్ జల్లెడలో పేరుకున్న నూగు తీసి, మిషన్ రబ్బరు తుడిచి, నేల ఊడ్చి బయటికి రావాలి. ఎనిమిదీ అయిదుకు మీ బట్టలు ఇంకా తిరుగుతుంటే, తలుపు మీద ఎంతో మర్యాదగా రాసిన చీటీ కనపడుతుంది. స్వీడన్ వాళ్లు గొడవపడరు, చీటీ రాస్తారు. తర్వాతి మనిషికి గది ఎలా అప్పగించాలన్న పట్టింపు ఆ నేలమాళిగలో నేర్చుకున్నవాళ్లు ఆఫీసులో, ఇంట్లో, ఎక్కడికెళ్లినా అలాగే ఉంటారు.

మొదటి నెల మ్యాగీ, గుడ్లు. రెండో నెలకు పప్పు. సంక్రాంతికల్లా మీ వాడు ఎనిమిది మందికి బిర్యానీ చేసిన ఫొటో పంపుతాడు, చూడండి.

గది విషయంలో జాగ్రత్త: అడ్మిషన్ వచ్చిన రోజే యూనివర్సిటీ చెప్పిన హౌసింగ్ క్యూలో చేరండి. ఇల్లు చూడకుండా, ఒప్పందం లేకుండా ఎవరికీ అడ్వాన్సు పంపకండి. ఆగస్టులో ఈ మోసాలు ఎక్కువ.

చలి తట్టుకోగలమా?

చలికి బట్టలున్నాయి. దక్షిణాన చలికాలంలో సున్నాకు అటూ ఇటూ ఉంటుంది, ఉత్తరాన ఉమియో, లూలియోలలో మైనస్ 20కి కూడా పోతుంది. అసలు పరీక్ష చీకటి. డిసెంబరు నడిమిలో స్టాక్‌హోమ్‌లో పగలు 6 గంటలే. మధ్యాహ్నం మూడు కాకముందే సూర్యుడు వెళ్లిపోతాడు. లూలియోలో 3 గంటలు. ఇంకా పైన కిరునాలో కొన్ని వారాలు సూర్యుడు కనిపించనే కనిపించడు.

నవంబరు అన్నిటికంటే కష్టం. మంచు ఇంకా పడదు, ఆకులు రాలిపోతాయి, వాన, గాలి. నిద్ర ఎక్కువ, బెంగ ఎక్కువ, ఇంటికి ఫోన్ చేయబుద్ధి కాదు. ఇది మీ బలహీనత కాదు, వెలుతురు లేకపోతే శరీరం అలాగే ఉంటుంది. పగలు ఎంత చిన్నదైనా ఆ వెలుగులో రోజూ బయట నడవండి. విటమిన్ డి గురించి డాక్టర్ని అడగండి. కోటుకు రిఫ్లెక్టర్ తగిలించుకోండి, చీకట్లో కార్లకు కనబడతారు. బెంగ వారాల తరబడి తగ్గకపోతే యూనివర్సిటీ విద్యార్థి ఆరోగ్య కేంద్రంలో కౌన్సెలర్‌తో మాట్లాడండి. అక్కడ చెప్పింది ఇంట్లోవాళ్లకు గానీ, ప్రొఫెసర్లకు గానీ చేరదు.

డిసెంబరు వచ్చేసరికి ప్రతి కిటికీలో దీపాలు పెడతారు. 13న లూసియా పండుగనాడు తెల్లటి గౌన్లు వేసుకుని కొవ్వొత్తులతో పాడుతూ వస్తారు. ఏప్రిల్ 30న చలిమంటలతో వసంతానికి స్వాగతం. జూన్‌లో రాత్రి పదకొండైనా పూర్తిగా చీకటి పడదు.

స్వీడన్ వాళ్లు కలుపుకోరట?

వాళ్లంతట వాళ్లు వచ్చి పలకరించడం తక్కువ. బస్‌స్టాప్‌లో పక్కన నిలబడ్డవాళ్లతో మాట కలపరు. అది గర్వం కాదు, ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టకూడదన్న మొహమాటం. కలిసి చేసే పని ఒకటుంటే మాత్రం బాగా దగ్గరవుతారు. బ్యాడ్మింటన్ క్లబ్బు, గాయక బృందం, ఉప్సాలా, లుండ్‌లలో ‘నేషన్’లు అని పిలిచే విద్యార్థి సంఘాలు, ఏదో ఒక దాంట్లో చేరండి. నేషన్లలో వంటగదిలో వాలంటీరుగా నిలబడ్డవాళ్లకు నెలలోనే స్నేహితులు దొరుకుతారు. అడవిలో ఎవరైనా నడవొచ్చు, బ్లూబెర్రీలు కోసుకోవచ్చు, అందుకు చట్టమే అండగా ఉంది.

తెలుగువాళ్ల మధ్యే రెండేళ్లూ గడిపేసినవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. మనవాళ్లు ఉండాలి, పండక్కి, జ్వరానికి వాళ్లే దిక్కు. కానీ వాళ్లు మాత్రమే అయితే, అంత డబ్బు పోసి వచ్చినా మన వీధిలోనే ఉన్నట్టు.

ఆడపిల్లను ఒంటరిగా పంపొచ్చా?

పంపండి. రాత్రి లైబ్రరీ నుంచి సైకిల్ మీద ఒక్కతే వచ్చే అమ్మాయిని ఇక్కడ ఎవరూ వింతగా చూడరు. ఎక్కడైనా ఉండాల్సిన జాగ్రత్త ఇక్కడా ఉండాలి, పెద్ద నగరాల్లో కొన్ని ప్రాంతాల్లో కాస్త ఎక్కువ. కానీ మా అమ్మాయిలు ఎక్కువగా చెప్పేది ఒకటే: “అన్నా, ఎక్కడికెళ్తున్నావని అడిగేవాళ్లు లేకపోతే ఇంత తేలిగ్గా ఊపిరాడుతుందని తెలీదు.”

అబ్బాయిలకూ ఇదో పాఠమే. పగటిపూట పిల్లల బండి తోసుకుంటూ పార్కుల్లో తిరిగే తండ్రులు అడుగడుగునా కనిపిస్తారు. బిడ్డ పుడితే తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల సెలవు భత్యం ఉంటుంది. పెళ్లయ్యాక ఇంటి పని ఎవరిది అన్న ప్రశ్నకు వీళ్ల జవాబు నెమ్మదిగా మారుతుంది.

స్వీడిష్ నేర్చుకోవాలా? అందరికీ ఇంగ్లిష్ వచ్చట కదా.

చదవడానికి అక్కర్లేదు. ఉండటానికి కావాలి. వచ్చిన నెలలోనే మొదలుపెట్టండి. పర్మిట్ ఏడాది అంతకంటే ఎక్కువ ఉంటే పన్నుల శాఖ దగ్గర పర్సనల్ నంబర్ తీసుకోవాలి, అది వచ్చాక మున్సిపాలిటీ స్వీడిష్ తరగతులు ఉచితం. బ్యాంకు, మొబైల్ ఐడీ, ఆసుపత్రి అన్నీ ఆ నంబర్ మీదే నడుస్తాయి. అది రావడానికి వారాలు పట్టొచ్చు, అప్పటిదాకా ఇక్కడ పనిచేసే బ్యాంకు కార్డు వెంట ఉంచుకోండి.

జ్వరమొస్తే?

1177కి ఫోన్ చేస్తే నర్సు మాట్లాడతారు. విశ్రాంతి తీసుకో, నీళ్లు తాగు, పారాసిటమాల్ వేసుకో అంటారు. యాంటీబయాటిక్ అంత తేలిగ్గా రాయరు. ప్రాణం మీదికొస్తే 112. పంటి పని, కళ్లజోడు మాత్రం ఇండియాలోనే ముగించుకుని రండి, ఇక్కడ ఖరీదు.

చదువయ్యాక ఉండిపోవచ్చా?

డిగ్రీ పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 12 నెలల వరకు పర్మిట్ అడగొచ్చు. ఫిన్లాండ్‌లో అది 2 ఏళ్లు. వర్క్ పర్మిట్‌కు కనీస జీతం నిబంధనను 2023 నవంబరులో గట్టిగా పెంచి, దేశంలో మధ్యస్థ (మీడియన్) జీతంలో 80 శాతానికి అప్పట్లో ముడిపెట్టారు. వలస నియమాలు ఇక్కడ తరచూ మారుతున్నాయి, కాబట్టి పాత సీనియర్ చెప్పిన మాట మీద ఆధారపడకండి. మైగ్రేషన్ శాఖ వెబ్‌సైట్ చూడండి. కోడింగ్, ఎంబెడెడ్, ఆటోమోటివ్, బ్యాటరీ రంగాల్లో నైపుణ్యం, పనికొచ్చేంత స్వీడిష్, మంచి థీసిస్, ఈ మూడూ ఉన్నవాళ్లకు దారి దొరకడం చూశాను. ఒక్కటే ఉన్నవాళ్లు ఇబ్బంది పడటమూ చూశాను.

తిరిగొస్తే పనికొస్తుందా?

వస్తుంది. అయితే సర్దుకోవడానికి సమయం పడుతుంది. మీటింగ్‌లో మేనేజర్ మాటకు “నాకలా అనిపించట్లేదు” అనే అలవాటు అన్నిచోట్లా చెల్లదు. ఐదింటికి పని ఆపేస్తే వింతగా చూస్తారు. ఇంట్లో కంచం తనే కడుక్కుంటే అమ్మ నొచ్చుకుంటుంది. వచ్చినవాళ్లు మొదటి ఆర్నెల్లూ ఎవరితోనూ కలవలేకపోతున్నామంటారు. తర్వాత ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో వాళ్లకే తెలుస్తుంది.

ఎవరు రాకూడదు?

భూమి అమ్మి, వడ్డీకి తెచ్చి, ఆరు నెలల్లో ఇంటికి డబ్బు పంపాలన్న ఒత్తిడితో వచ్చేవాళ్లు. అమెరికా వీసా రాలేదని ఆఖరి నిమిషంలో వచ్చేవాళ్లు. సబ్జెక్ట్ మీద ఇష్టం లేనివాళ్లు. వీళ్లకు ఈ చీకటి రెట్టింపవుతుంది.

అమ్మానాన్నలుగా మేమేం చేయాలి?

వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు ఇక్కడ మేం మీకంటే వెనక ఉంటాం. మీరు రాత్రి తొమ్మిదిన్నరకు చేస్తే ఇక్కడ సాయంత్రం, వాళ్లు వంట చేసుకుంటూ ఉంటారు, తీరిగ్గా మాట్లాడతారు. ప్రతిసారీ ఉద్యోగం గురించే అడగకండి. ఇవాళ ఏం వండుకున్నావు, ఎవరిని కలిశావు అని అడగండి. నవంబరులో ఫోన్లు తగ్గితే మీరే చేయండి.

ఏం సర్దుకోవాలి?

ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతి సంచిలో. కారం, పసుపు, ఇంగువ, నూనె పచ్చళ్లు గట్టిగా సీలు చేసి. బియ్యం, పప్పులు ఇక్కడే దొరుకుతాయి, లగేజీ బరువు వృథా చేయకండి. యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం నిషేధం. కాబట్టి నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, మాంసం పొడులు ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకుకు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు, ఎండబెట్టి పొడి చేసి తెచ్చుకోండి. బరువైన స్వెటర్లు అక్కడ కొనకండి, ఇక్కడి సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో మంచి కోట్లు చౌకగా వస్తాయి. ప్రెషర్ కుక్కర్ తెచ్చేటట్టయితే అడుగు ఇండక్షన్‌కు పనికొచ్చేది చూసి తీసుకోండి. ఇండక్షన్ పొయ్యి మీద మామూలు అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు.